భూతానికి ఒకే పని

భూతం కథ మీరు వినే ఉంటారు. ఒక మనిషి చాలా కష్టపడి మంత్రం సాధించి, ఒక భూతాన్ని వశం చేసుకున్నాడు. "ఏ పని చెప్పినా చేస్తాను. కాని నన్ను పని లేకుండా ఉంచావో, నిన్నే మింగుతాను!" అన్నది భూతం. ఇల్లు కట్టమంటే చిటికెలో కట్టింది. చెరువు తవ్వమంటే చూస్తూ ఉండగానే తవ్వేసింది. సాయంత్రమయేసరికి ఆ మనిషికి చెప్పటానికి పని లేకుండా పోయింది. వాడు వణుకుతూ పోయి భార్యతో చెప్పుకున్నాడు. ఆవిడ ఏమీ భయపడక, "పెరట్లో ఒక పొడుగాటి స్తంభం పాతమనండి. మనం పిలిచేదాకా దాన్ని ఎక్కుతూ దిగుతూ ఉండమనండి," అన్నది. అంతటితో ఆ ఇంటికి భూతం పీడ వదిలింది.

ఈ నెల మనం అలాటి స్తంభం ఎలా పాతుతారో తెలుసుకుందాం. మన భూతం పేరు కంప్యూటర్.

కంప్యూటర్ అనగానే మీకు ఏమేమో జ్ఞాపకం వస్తాయి. అది ఉత్తరాలు రాస్తుంది, లెక్కలు కడుతుంది, బొమ్మలు గీస్తుంది, పాటలు వినిపిస్తుంది, ఆటలు ఆడిస్తుంది. కాని మీరు బజారులో చూసే కంప్యూటర్లు చాలా మటుకు ఇవేవీ చెయ్యవు. బాంకు బయట డబ్బిచ్చే ఏటీఎం ఒక కంప్యూటరే. రైల్వే స్టేషనులో టిక్కెట్టు ఇచ్చే యంత్రమూ, ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చూపే తెరా, మ్యూజియంలో వేలితో తాకితే పాత రాజుల సంగతులు చెప్పే పెట్టే—ఇవన్నీ లోపల చూస్తే మీ నాన్నగారి ఆఫీసు బల్లమీద ఉండే కంప్యూటర్‌కు స్వంత అన్నదమ్ములే. ఒక్కొక్కదానికి ఒక్కొక్క స్తంభం పాతి, దాన్నే ఎక్కి దిగమన్నారు, అంతే.

ఇలాటి ఏర్పాటును కియాస్క్ అంటారు. ఈ మాటకు పెద్ద ప్రయాణమే ఉన్నది. పారశీకంలో పుట్టి, టర్కీ దేశం చేరినప్పుడు దాని అర్థం తోటలో కట్టుకునే చిన్న మంటపం. ఫ్రాన్సు పోయేసరికి అది వీధి మూల పత్రికలు అమ్మే బడ్డీ కొట్టయింది. ఇప్పుడు అమ్మేవాడు కూడా లేకుండా, తనంత తానే పని చూసే పెట్టె అయి కూర్చున్నది.

మీకు ఇక్కడొక సందేహం రావాలి. ఒకే పని కావలిస్తే ఒకే పని చేసే యంత్రాన్ని చేసుకోవచ్చు గదా? అన్నీ చేసేదాన్ని తెచ్చి, అన్నీ మాన్పించటం దేనికి?

నిజమే, పూర్వం యంత్రాలన్నీ ఒకే పనికి పుట్టినవే. తిరగలితో పిండి విసురుతాం గాని నీళ్లు తోడలేం. కుట్టు మిషనుతో లెక్కలు చెయ్యలేం. 1936లో అలన్ ట్యూరింగ్ అనే ఇంగ్లీషు గణితవేత్త ఒక చిత్రమైన విషయం రుజువు చేశాడు. చెయ్యవలసిన పనిని మెట్టుమెట్టుగా రాసి ఇస్తే, లెక్కలు కట్టే యంత్రాలలో ఏది చేసే పనినైనా తానే చెయ్యగల ఒకే ఒక యంత్రం ఉండవచ్చునన్నాడు. అప్పటికి ఆయన దాన్ని కాగితం మీదనే చూపాడు. అలా మెట్టుమెట్టుగా రాసిన ఆదేశాల పట్టీనే మనం ఇప్పుడు ప్రోగ్రాం అంటున్నాం.

1946లో అమెరికావారు లోకానికి చూపిన ఎనియాక్ అనే కంప్యూటర్ ఒక పెద్ద గదినంతా ఆక్రమించుకునేది. ఫిరంగి గుండ్లు ఎంత దూరాన పడతాయో లెక్క కట్టటానికి దాన్ని తలపెట్టారు. దానిచేత మరొక లెక్క చేయించాలంటే మనుషులు రోజుల తరబడి తీగలు పీకి వేరే చోట గుచ్చి, మీటలు తిప్పవలసివచ్చేది. అంటే, ఆ రోజుల్లో కంప్యూటర్‌ను ఒకే పనిలో ఉంచటం తేలిక, పని మార్చటం కష్టం! ఇప్పుడు ఈ వ్యవహారం సరిగా తలకిందులయింది.

తలకిందులు కావటానికి కారణం ఒక లెక్కల యంత్రమే. 1969లో జపాను దేశపు బిజికామ్ కంపెనీవారు తాము తయారు చేయబోయే లెక్కల యంత్రానికి ప్రత్యేకమైన చిప్పులు కావాలని అమెరికాలోని ఇంటెల్ కంపెనీని అడిగారు. వాళ్ల పథకంలో ఒక్కొక్క పనికి ఒక్కొక్క చిప్పు ఉన్నది. ఇంటెల్‌లో పనిచేసే టెడ్ హాఫ్‌కు ఇది దండగమారి ఏర్పాటుగా కనిపించింది. ఏ పని చెబితే ఆ పని చేసే చిప్పు ఒకటి తయారు చేసి, దానికి లెక్కలు చెయ్యటం ప్రోగ్రాం ద్వారా నేర్పితే చాలునని ఆయన ఆలోచన. ఆ ఆలోచన ఫలించి, 1971 నవంబరులో 4004 అనే చిప్పు అమ్మకానికి వచ్చింది. గోటికన్నా చిన్నదైన ఆ ముక్కలో 2,300 ట్రాన్సిస్టర్లు ఇమిడి ఉన్నాయి.

ఆనాటినుంచీ లోకం పద్ధతి మారిపోయింది. ఒక పని కోసమని కొత్త యంత్రాన్ని కనిపెట్టాలంటే బోలెడు ఖర్చు. అన్ని పనులూ చేసేదాన్నయితే కోట్లకొలదీ తయారు చేస్తారు, గనక అది చవక. చవకగా దొరికేదాన్ని కొని తెచ్చి, ఒక్క పని ఉంచి, తక్కినవన్నీ మాన్పిస్తారు. పని నేర్పటం పెద్ద కష్టం కాదు. మాన్పించటంలోనే ఉన్నది అసలు శ్రమ.

పుట్టుకతోనే ఒక్క పని చేసే యంత్రాలు ఈనాటికీ లేకపోలేదు. మన ఓటింగు యంత్రం అలాటిది. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థా, హైదరాబాదులోని ఎలక్ట్రానిక్సు కార్పొరేషనూ వీటిని తయారు చేస్తాయి. 1982లో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో దీన్ని మొట్టమొదట వాడారు. దీని ప్రోగ్రాం తయారీలోనే చిప్పులో ముద్రపడిపోతుందనీ, తరవాత దాన్ని చెరిపి మరొకటి రాయటానికి వీలు లేదనీ ఎన్నికల సంఘంవారు చెబుతారు. ఏటీఎం సంగతి అలా కాదు. చాలా ఏటీఎంల లోపల మీకు తెలిసిన విండోసే నడుస్తుంది. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్టు కంపెనీ విండోస్ ఎక్స్‌పీకి మరమ్మతులు పంపటం మానేసినప్పుడు చాలా దేశాల్లో బాంకులవాళ్లు కంగారు పడిపోయారు. వాళ్ల ఏటీఎంలు ఎన్నో దానిమీదే నడుస్తున్నాయి మరి! ఎప్పుడైనా ఏటీఎం చెడిపోయినప్పుడు తెరమీద డబ్బు బొమ్మకు బదులు మామూలు కంప్యూటర్ తెర కనిపిస్తే ఆశ్చర్యపోకండి. భూతం స్తంభం దిగి కాస్సేపు పెరట్లో నిలబడ్డదన్నమాట.

ఇక మన చేతిలో పనికి వద్దాం. మీ బడి గ్రంథాలయంలో రెండు వేల పుస్తకాలున్నాయనుకోండి. ఏది ఏ బీరువాలో ఉన్నదో మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదు. ఆయన సెలవు పెడితే ఆ వేళకు పుస్తకాలు లేనట్టే. ఒక మూల పాత కంప్యూటర్ దుమ్ము కొట్టుకుని ఉన్నది. పుస్తకం పేరు కొడితే బీరువా నంబరు చెప్పటం—ఈ ఒక్క పనికి దాన్ని పెట్టాలి.

దీనికి కావలసిన ప్రోగ్రాం డబ్బు పెట్టి కొననవసరం లేదు. కోహా అని ఒకటి ఉన్నది. న్యూజీలండు దేశంలో హొరోఫెనువా అనే ప్రాంతపు గ్రంథాలయంవారికి 2000 సంవత్సరం రాబోతుండగా ఒక చిక్కు వచ్చిపడింది. వాళ్ల పాత ప్రోగ్రాం ఆ సంవత్సరపు తేదీలను అర్థం చేసుకోలేదు. వాళ్లు కొత్తది రాయించుకుని, 2000 జనవరిలో వాడుక మొదలుపెట్టి, కావలసినవాళ్లు ఎవరైనా తీసుకోవచ్చునని ఊరికే ఇచ్చేశారు. అక్కడి మావోరీ భాషలో కోహా అంటే కానుక అని అర్థం. మన దేశంలోనూ ఎన్నో గ్రంథాలయాలు దాన్ని వాడుతున్నాయి.

పుస్తకాల జాబితా అంతా మాస్టారి బల్లమీది కంప్యూటర్‌లో ఉంటుంది. మూల ఉన్న పాత కంప్యూటర్‌ను తీగతో దానికి కలుపుతాం. పాత కంప్యూటర్ ఆ జాబితాను బ్రౌజర్ అనే ప్రోగ్రాం ద్వారా చూపుతుంది. మనకు కావలసినది ఇంతే: మీట నొక్కి కరెంటు పెట్టగానే బ్రౌజర్ ఒక్కటే తెరుచుకోవాలి, అందులో జాబితా ఒక్కటే కనిపించాలి, ఎవరేం చేసినా అది అలాగే ఉండాలి. మొదటి రెండూ ఒక పూట పని. మూడోది మాత్రం మిమ్మల్ని వారం రోజులు ఆడిస్తుంది.

ముందుగా కంప్యూటర్‌లో ఇద్దరు మనుషులకు పేర్లు రాయాలి. ఒకరు యజమాని. ఆయనకు పాస్‌వర్డ్ ఉంటుంది, ఏ మార్పైనా చెయ్యవచ్చు. రెండోవాడు అతిథి. వాడికి పాస్‌వర్డ్ లేదు, అధికారమూ లేదు. వసారాలో కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చే చుట్టంలాటివాడు. వాడు వంటింట్లోకి రాకూడదు. కంప్యూటర్ లేవగానే ఎవరినీ అడగకుండా అతిథి పేరుతో తెరుచుకునేటట్టు ఏర్పాటు చేస్తారు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఉన్నదంటే ఇది చాలా తేలిక. ఆపరేటింగ్ సిస్టం అంటే కంప్యూటర్ ఇంటిపెత్తనం చూసే ప్రోగ్రాం. తక్కిన ప్రోగ్రాంలన్నీ దాని మాట వినవలసిందే.

తరవాత ఆ అతిథి రాగానే బ్రౌజర్ మొదలయేటట్టు ఒక ఆదేశం రాస్తారు. క్రోమియం, ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్లను మొదలుపెట్టేటప్పుడు వాటి పేరు పక్కన కియాస్క్ అనే మాట చేర్చితే చాలు. తెర అంచున ఉండే పట్టీలూ, మూసే గుర్తూ, చిరునామా కొట్టే గడీ అన్నీ మాయమై, జాబితా తెరనంతా ఆక్రమించుకుంటుంది. కంప్యూటర్ మొదటి తెరమీద ఉండే బొమ్మలూ, పనుల పట్టీ అసలే పెట్టకండి. లేని తలుపుకు తాళం వెయ్యనక్కర్లేదు గదా!

ఇదంతా చేసి, చేతులు దులుపుకుని, "అయిపోయింది!" అంటారు మీరు. అప్పుడు ఆరో తరగతి కుర్రాడొకడు వచ్చి కూర్చుంటాడు.

వాడు ఆల్ట్ మీట పట్టుకుని ఎఫ్4 నొక్కుతాడు. జాబితా మూసుకుపోయి నల్లతెర మిగులుతుంది. మౌస్ కుడి మీట నొక్కుతాడు. చిన్న పట్టీ ఒకటి తెరుచుకుని, "అచ్చు వెయ్యమంటారా?" అని అడుగుతుంది. సరేనంటే, కాగితంమీద కాకుండా ఫైలుగా దాచమంటారా అంటుంది. దానికీ సరేనంటే, ఎక్కడ దాచాలో చూపమని కంప్యూటర్‌లోని అరలన్నీ తెరిచి ముందు పెడుతుంది! పుస్తకం పేరు వెతకటానికి పెట్టిన పెట్టెలో, అచ్చు వేసే తలుపులోంచి దూరి, వాడు ఇల్లంతా తిరిగివస్తాడు. వాడు దొంగ కాడు. ఏం జరుగుతుందో చూద్దామని నొక్కాడు, అంతే. ఇలాటి కుర్రాడు దొరికితే తిట్టకండి. దగ్గర కూర్చోబెట్టుకుని ఇంకా ఎన్ని దొడ్డిదోవలున్నాయో కనిపెట్టమనండి. వాడు చూపిన ప్రతి తలుపుకూ ఒక గడియ బిగించండి. పెద్ద పెద్ద కంపెనీలు కూడా ఇందుకని జీతమిచ్చి మనుషులను పెట్టుకుంటాయి.

ఒక తలుపు సంగతి మాత్రం ప్రత్యేకంగా చెప్పాలి. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అనే మూడు మీటలు కలిపి నొక్కటం మీలో కొందరికి తెలుసు. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్ కోసం డేవిడ్ బ్రాడ్లీ అనే ఇంజనీరు ఈ ఉపాయం పన్నాడు. యంత్రం మొరాయించినప్పుడు మళ్లీ మొదటినుంచీ లేవటానికి అది. పొరపాటున ఎవరూ నొక్కకుండా ఉండేందుకే దూర దూరంగా ఉండే మీటలను ఎంచుకున్నాడు. తరవాత వచ్చిన విండోస్ ఎన్.టి.లో దీనికి మరొక ప్రయోజనం కల్పించారు. ఈ మూడు మీటలూ నొక్కితే ఆ కబురు నేరుగా ఆపరేటింగ్ సిస్టంకే పోతుంది; మధ్యలో ఏ మామూలు ప్రోగ్రామూ దాన్ని పట్టుకోలేదు. నకిలీ తెర పెట్టి మీ పాస్‌వర్డ్ కాజేద్దామనే మాయదారి ప్రోగ్రాంలను తప్పించుకునేందుకు ఇది రక్ష. చూశారా చిత్రం! మామూలు కంప్యూటర్‌లో రక్షగా ఉన్న తలుపే కియాస్క్‌లో తెరిచి ఉన్న దొడ్డి గుమ్మం అవుతుంది. దీన్ని బ్రౌజర్‌తో మూయలేం, ఆపరేటింగ్ సిస్టంకే చెప్పి మూయించాలి. కొన్ని చోట్ల అసలు ఆ మీటలే లేని కీబోర్డులు పెడతారు. ఏటీఎం ముందు నిలబడ్డప్పుడు చూడండి, అంకెలూ, ఇంకో నాలుగు మీటలూ తప్ప ఏమీ ఉండవు.

అయితే తాళాలు వెయ్యటం మొదలుపెట్టినవాడికి ఒక్కొక్కసారి ఆవేశం వస్తుంది. కనిపించిన మీటకల్లా గడియ పెడతాడు. మన పిల్లలకు దీనివల్ల జరిగే నష్టం ఏమిటో తెలుసునా? ఇంగ్లీషులోంచి తెలుగులోకి మారటానికి కూడా రెండు మీటలు కలిపి నొక్కాలి. ఆ తలుపు కూడా మూసేస్తే, తెలుగు పుస్తకం పేరు తెలుగులో కొట్టటం ఎలా? పిల్లవాడు ఇంగ్లీషు అక్షరాలతో ఎలాగో కొడతాడు. జాబితాలో పేరు తెలుగులో ఉంటుంది. "లేదు" అంటుంది కంప్యూటర్. పుస్తకమేమో ఎదుటి బీరువాలోనే ఉంటుంది! గనక మూయవలసిన తలుపులతో పాటు మూయగూడని తలుపులు కూడా ముందే రాసి పెట్టుకోవాలి. అన్నిటికన్నా మంచిది, భాష మార్చే మీట ఏదో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి తెర పక్కన అంటించటం. ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక మన భాషలన్నిటికీ పనికివచ్చేటట్టు చేసినదే. అందులో అచ్చులు ఎడమ చేతి కిందా, హల్లులు కుడి చేతి కిందా వస్తాయి. ఆ పటం కూడా ఒకటి పక్కన అంటిస్తే చిన్నవాళ్లు వారం రోజుల్లో చేయి తిప్పుకుంటారు.

తలుపులు మూశాం. ఇప్పుడు మరొక సంగతి. పొద్దున ఒక అమ్మాయి వచ్చి, తన జబ్బుకు సంబంధించిన పుస్తకం ఏదన్నా ఉన్నదేమోనని వెతికి వెళ్లిందనుకోండి. మధ్యాహ్నం వచ్చిన పిల్లవాడు ఒక అక్షరం కొట్టగానే, పొద్దున ఆ అమ్మాయి కొట్టిన మాటలు కంప్యూటర్ గుర్తుంచుకుని వాడికి చూపిస్తుంది! ఇది చాలా అన్యాయం. అందరూ వాడే పెట్టె ఎవరి సంగతీ గుర్తుంచుకోకూడదు.

దీనికొక చక్కని ఉపాయం ఉన్నది. ఒక బొమ్మ మీద గాజు పలక పెట్టి, ఆ పలకమీద ఎంత గీసినా, పలక తుడిచేస్తే కింద బొమ్మ చెక్కుచెదరకుండా ఉంటుంది గదా? కంప్యూటర్‌కు కూడా అలాటి పలక పెట్టవచ్చు. అసలు ప్రోగ్రాంలు ఉన్న చోట ఏమీ రాయకుండా చేసి, రోజంతా జరిగే రాతకోతలన్నీ తాత్కాలికమైన జ్ఞాపకంలో పడేటట్టు చేస్తారు. కరెంటు తీసేస్తే ఆ జ్ఞాపకం తుడిచిపెట్టుకుపోతుంది. మర్నాడు పొద్దున కంప్యూటర్ కొత్త పలకతో లేస్తుంది. అయితే అమ్మాయి పొద్దున వచ్చింది, పిల్లవాడు మధ్యాహ్నమే వచ్చాడు. అంతదాకా ఆగకుండా, అయిదు నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే బ్రౌజర్ మూసుకుని మళ్లీ శుభ్రంగా తెరుచుకునేటట్టు కూడా ఏర్పాటు చెయ్యాలి.

ఈ పలక వల్ల మన ఊళ్లలో ఇంకొక లాభం ఉన్నది. కంప్యూటర్ ఏదో రాసుకుంటూ ఉండగా కరెంటు పోతే, ఆ రాత సగంలో తెగి, ఒక్కొక్కసారి మళ్లీ లేవనే లేవదు. అసలు చోట రాతే లేకపోతే తెగేది ఏమున్నది? వేసవిలో కరెంటు నాలుగుసార్లు పోయినా నాలుగుసార్లూ బుద్ధిగా లేస్తుంది. అయితే కరెంటు రాగానే తనంత తాను లేవమని ముందే చెప్పి ఉంచాలి. బల్లమీద పెట్టే కంప్యూటర్లు చాలావాటిలో ఇందుకు ఏర్పాటు ఉంటుంది. యంత్రం లేచే ముందు వచ్చే నీలపు తెరలోనో, నల్లని తెరలోనో వెతకాలి. 2012లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జివారు పిల్లలు కంప్యూటర్ విద్య నేర్చుకోవటానికని రాస్ప్‌బెరీ పై అనే అరచేతి పాటి కంప్యూటర్ తయారు చేశారు. దానికి ఈ బెడద కూడా లేదు. కరెంటు తగలగానే అది లేచి కూర్చుంటుంది. కియాస్క్‌లకు దాన్ని జనం అంతగా వాడటానికి ఇదొక కారణం.

కరెంటు ఉండగానే ప్రోగ్రాం బిగుసుకుపోతే? లేపటానికి ఒక కాపలా కుక్కను పెడతారు. నిజంగా దాని పేరు అదే! ఇంగ్లీషులో కూడా వాచ్‌డాగ్ అనే అంటారు. అది చిప్పులో ఉండే చిన్న గడియారం. ప్రోగ్రాం కొన్ని క్షణాలకొకసారి దాన్ని దువ్వుతూ ఉండాలి. దువ్వటం ఆగిందంటే ప్రోగ్రాం మూర్ఛపోయిందని అర్థం. కుక్క మొరిగి కంప్యూటర్‌ను మొదటినుంచీ లేపుతుంది. 1997 జులై 4న కుజగ్రహం మీద దిగిన పాత్‌ఫైండర్ నౌకను ఇలాటి కుక్కే కాపాడింది. దిగిన కొద్ది రోజులకు దాని కంప్యూటర్‌లో పనులు ఒకదానికొకటి అడ్డుపడి, ముఖ్యమైన పని ఆగిపోసాగింది. అలా జరిగినప్పుడల్లా కాపలా గడియారం దాన్ని మళ్లీ లేపింది. కోట్ల మైళ్ల దూరాన మీట నొక్కే మనిషి లేడు గదా! భూమి మీద ఇంజనీర్లు అలాటిదే మరొక కంప్యూటర్‌లో అదే పొరపాటు జరిగేటట్టు చేసి, కారణం పట్టుకుని, దిద్దిన ప్రోగ్రాంను కుజుడి మీదికి పంపారు. మీ గ్రంథాలయపు కంప్యూటర్‌ను చూసుకునే మాస్టారు కూడా పక్క ఊళ్లోనే ఉండవచ్చు. ఆదివారం నాడు ఆయన కూడా కుజుడంత దూరమే.

ఇంతకూ తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి? యజమాని పాస్‌వర్డ్ మాట నేను చెబుతున్నది. ఏర్పాటు చేసిన మాస్టారికి మరొక ఊరు బదిలీ అయిందనుకోండి. పాస్‌వర్డ్ ఆయన బుర్రలోనే ఉంటే ఆయనతోనే పోతుంది. కొత్త పుస్తకాలు చేర్చాలన్నా, చెడ్డది బాగుచెయ్యాలన్నా ఎవరికీ చేతకాక, చివరకు ఎవరో మొత్తం చెరిపేసి మొదటికి తెస్తారు. దాన్ని కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి, హెడ్‌మాస్టరు గారి బీరువాలో ఉంచాలి. కవరు మీద తారీఖు వెయ్యాలి. తాళాలన్నిటికన్నా ఈ కవరు ముఖ్యమని నా అభిప్రాయం.

పెద్దవాళ్లతో ఒక మాట. ఈ విద్య తెలిసింది గదా అని బళ్లో ఉన్న ఒకే ఒక్క కంప్యూటర్‌ను స్తంభానికి కట్టెయ్యకండి. 1999 జనవరి 26న ఢిల్లీలో కాల్కాజీ అనే చోట సుగత మిత్రా అనే ఆయన తమ ఆఫీసు గోడకు కన్నం వేయించి, ఒక కంప్యూటర్‌ను అవతలి పేదవాడ వైపుకు తిప్పి పెట్టించాడు. నేర్పటానికి ఎవరూ లేరు. కంప్యూటర్ ముఖం చూసి ఎరగని పిల్లలు గుమికూడి, ఒకరికొకరు చూపుకుంటూ దాన్ని వాడటం తమంత తామే నేర్చుకున్నారు. అది కియాస్క్ లాగా బిగించినదయితే వాళ్లు ఒక్క తెర చూసి ఇంటికి పోయేవాళ్లు. పుస్తకాలు వెతికే పెట్టె గట్టిగా బిగించి ఉండవలసిందే, ఎంచేతంటే దానిముందు ఎప్పుడూ మరొకరు వరసలో ఉంటారు. దాని పక్కన ఇంకొకటి, చెడిపోయినా ఫరవాలేదు అనుకునేది, తలుపులన్నీ తెరిచి ఉంచండి. ఇందాకటి ఆరో తరగతి కుర్రాడికి అది కావాలి.

ఈ విద్యను మీరు ఇంట్లోనే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా చూడవచ్చు. అమ్మనో నాన్ననో అడిగి వాళ్ల ఆండ్రాయిడ్ ఫోను తీసుకోండి. 2014లో వచ్చిన అయిదో ఆండ్రాయిడ్ నుంచీ ఇందులో చిన్న కియాస్క్ ఒకటి దాగి ఉన్నది. సెట్టింగులలో భద్రతకు సంబంధించిన చోట యాప్ పిన్నింగ్ అని ఉంటుంది. కొన్ని ఫోన్లలో స్క్రీన్ పిన్నింగ్ అంటారు. దాన్ని పని చేయించి, బయటికి వచ్చేటప్పుడు తాళం అంకె అడగమని కూడా గుర్తు పెట్టండి. తరవాత బొమ్మలు గీసే యాప్ ఒకటి తెరిచి, ఈమధ్య వాడిన యాప్‌ల వరస పైకి తెచ్చి, దాని గుర్తుమీద తాకితే పిన్ చెయ్యమనే మాట వస్తుంది. అది నొక్కారంటే ఫోను ఇక బొమ్మలు గీసే పలక మాత్రమే. ఐఫోను ఉన్నవాళ్లకు ఇదే పని చేసే గైడెడ్ యాక్సెస్ అనేది 2012 నుంచీ ఉన్నది.

మళ్లీ బయటికి రావటం ఎలాగో ముందు మీరు తెలుసుకోండి. చాలా ఫోన్లలో కింద అంచునుంచి వేలు పైకి జరిపి కాస్సేపు అలాగే పట్టి ఉంచాలి. కింద మూడు మీటలుండే ఫోన్లలో వెనక్కి పోయే మీటా, యాప్‌ల వరస చూపే మీటా రెండూ కలిపి నొక్కి పట్టుకోవాలి. ఒకటికి రెండుసార్లు లోపలికి పోయి బయటికి వచ్చి చూసుకుని, అప్పుడు ఫోను చెల్లాయి చేతికివ్వండి. తాళం అంకె మాత్రం చెప్పకండి. అది ఎన్ని తలుపులు తట్టి చూస్తుందో, ఏ తలుపు ముందు తడుతుందో పక్కన కూర్చుని కాగితంమీద రాసుకోండి.